ఆగని చప్పుడు

నీళ్ల ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. హాజరు పట్టీలో తప్ప ఆ పేరు ఎక్కడా కనిపించదు. అందరికీ ఆయన పాముచెవులాయన. ఇంజనీర్లు మారారు, గేటు దగ్గర కాపలా మనుషులు మారారు, ఈ పేరు మాత్రం అతుక్కుని ఉండిపోయింది. ఆయన ఉద్యోగం వినడం. రోడ్డు కింద నీటి గొట్టం ఎక్కడ కారుతోందో పైనుంచి విని చెప్పాలి. ఆయన నీలం సుద్దతో గుండ్రం గీస్తే తవ్వేవాళ్లు వచ్చి సరిగ్గా అక్కడే గునపం వేస్తారు. ఇరవై ఆరేళ్లలో ఆయన గీసిన గుండ్రాల్లో నీళ్లు పడనివి రెండే రెండు. ఆ రెండింటి గురించి కూడా ఆయన దగ్గర వేరే కథ ఉంది. అడిగితే గంటసేపు చెబుతాడు, అడగకపోయినా అరగంట చెబుతాడు.

బళ్లు తిరగడం మొదలుకాక ముందే, ఇంకా తెల్లారుతుండగా పని. ఇనుప బిళ్లలాంటి మైకు నేలమీద ఆనించి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అడుగు అడుగుకీ ఆగి వింటాడు. విన్నాక చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి, వీధి పేరు రాసి, పక్కన ‘ఉంది’ అనో ‘లేదు’ అనో రాస్తాడు. అంతే. ఆ ఒక్క మాట మీద రోడ్డు తెగుతుంది, లేదా తెగదు. కొత్తగా చేరినవాళ్లు నీళ్ల చప్పుడు ఎలా పోల్చుకోవాలని అడిగితే ఒకటే సమాధానం.

“మాట వస్తుంది, పోతుంది. బండి వస్తుంది, పోతుంది. కుక్క అరిచి అరిచి ఊరుకుంటుంది. లీకు ఊరుకోదు. ఏది ఆగకుండా వస్తుందో అదే నీళ్లు.”

ఈ మాట మనం గుర్తుంచుకోవాలి. ఎందుకంటే వెయ్యిసార్లు చెప్పిన ఆయనే దాన్ని మరిచిపోయాడు.

చెవులు పోవడం ఒక్కరోజులో జరగలేదు. మొదట కెటిల్ కూత పోయింది. నీళ్లన్నీ ఇగిరిపోయి కెటిల్ మాడినా ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. తర్వాత ఫోన్లో మెసేజి వచ్చినప్పటి టింగుమనే చప్పుడు పోయింది. ఆపైన మాటల్లో చివరి అక్షరాలు పోవడం మొదలైంది. భార్య వంటింట్లోంచి పిలిస్తే పలకడం లేదని ఆవిడ అలిగింది. తనని లెక్కచేయడం లేదనుకుంది పాపం. నిజం చెప్పేకంటే ఆ నింద మోయడమే సుఖమనిపించింది ఆయనకి. జనం పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఎవరితో నడిచినా కాస్త బాగా వినిపించే కుడిచెవి వాళ్ల వైపు ఉండేట్టు జరిగేవాడు.

ఏడాదికోసారి ఆఫీసులో చెవుల పరీక్ష ఉంటుంది. గాజు అద్దం అవతల ఒకమ్మాయి మీట నొక్కుతుంది. ఇవతల చెవిలో కూత వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. పోయిన పరీక్షలో ఆయనకి సగం కూతలు వినిపించలేదు. కానీ ఆ అమ్మాయి మీట నొక్కిన ప్రతిసారీ మోచెయ్యి కొంచెం కదిలింది. ఆయన ఆ మోచెయ్యిని చూస్తూ బొత్తాం నొక్కుతూ పోయాడు. “ఈ వయసులో ఇంత బాగా వినేవాళ్లని చూడలేదండీ” అంది ఆ అమ్మాయి. ఆయన నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆ కుర్చీలో మనం ఉంటే ఏం చేసేవాళ్లమో ఎవరు చెప్పొచ్చారు. చెవులు లేవని తేలితే ఆయన్ని ట్యాంకు గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెడతారు. పాముచెవులాయన అనే మనిషి ఇక ఉండడు.

అంతలో మైకు చప్పుడు పెంచే ఆఫీసు పెట్టె కాలిపోయింది. కొత్తది తెప్పిస్తామన్నారు, తెప్పిస్తూనే ఉన్నారు. ఆయనకో బామ్మర్ది ఉన్నాడు. బజారు మలుపులో ఫోన్లు బాగుచేసే కొట్టు. వాడు ఒక జంట తీగ తయారుచేసి ఇచ్చాడు. ఒక కొసకి మైకు, ఇంకో కొసకి హెడ్‌ఫోన్లు, రెండూ కలిసి ఫోను జాక్‌లోకి. నిమిషంసేపు రికార్డు చేసి వెంటనే వినొచ్చు. అంతా బాగానే ఉంది గానీ ఆ బరువైన పాత హెడ్‌ఫోన్లలో ఫోను చప్పుడు దోమ పాడినట్టు వచ్చేది.

“పాటలు వింటావా ఏంటి బావా, ఇంత పెద్ద డిప్పలు పెట్టుకుని?” అన్నాడు బామ్మర్ది, హెడ్‌ఫోన్లని అటూ ఇటూ తిప్పి.

“నోరు మూసుకుని చప్పుడు పెరిగే మార్గం చూడరా.”

వాడు చూశాడు. వాడిలో ఎన్ని అవకతవకలున్నా పని దగ్గర మాత్రం మనిషి నిక్కచ్చి. “నీ ఫోను మంచిదే బావా. ఇందులో చప్పుడు కోసం వేరే చిప్పు ఉంది. తంటా ఏంటంటే, జాక్‌లో ఏదైనా పెట్టగానే ఫోను దాన్ని తూకం వేస్తుంది. చిన్నవైతే తక్కువ కరెంటు వదులుతుంది, ఇలాంటి మొండివైతే ఎక్కువ తోస్తుంది. నేనిచ్చిన తీగలో పిన్ను సరిగా లేక నీ డిప్పల్ని చిన్నవే అనుకుంటోంది. పిన్ను మార్చాను. ఇక నుంచి ముందు తీగకి హెడ్‌ఫోన్లు తగిలించు, ఆ తర్వాత తీగని ఫోన్లో పెట్టు. అటుదిటు చేశావో, మళ్లీ దోమపాటే.”

తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి, చెవులు పాడవుతాయని ఫోను పెట్టుకున్న హద్దు కూడా తీసేశాడు. పెట్టి చూస్తే నిజంగానే చప్పుడు రెండింతలైంది. బావ మొహం విప్పారింది.

బామ్మర్ది అప్పటికే ఇంకో ఫోను విప్పి, భూతద్దం మీదికి వంగిపోయాడు. వంగే చెప్పాడు, మొహం పైకెత్తకుండా. “ఒక్కటి గుర్తుపెట్టుకో. ఫోన్లో బాస్ అనీ స్పష్టత అనీ బోలెడు సోకులుంటాయి. వేటినీ ముట్టుకోకు. ఉన్న చప్పుడు ఉన్నట్టు రావాలంటే అవన్నీ ఆపే ఉండాలి.”

కొట్టు ముందు లారీ ఒకటి వెనక్కి తీస్తున్నారు. వాడి పెదవులు కనిపించలేదు. బావ తలూపి, “సరేలే” అని వెళ్లిపోయాడు.

వారం రోజులు ఆ చప్పుడు సరిపోయింది. తర్వాత అదీ పల్చబడింది. నిజానికి పల్చబడింది చప్పుడు కాదని ఆయనకి తెలుసు. ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుని ఫోను సెట్టింగులన్నీ గాలించాడు. ‘స్పష్టత’ అని ఒకటి దొరికింది. అది నొక్కి, ఎలా ఉందో చూద్దామని, వంటింటి గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని భార్య చేత నాలుగు మాటలు చెప్పించి రికార్డు చేశాడు.

“ఏం చెప్పనండీ?”

“ఏదో ఒకటి చెప్పు.”

“ఏదో ఒకటి అంటే ఏం చెప్తాను? ఫ్యాను రెక్కలు తుడవమని నెల నుంచి మొత్తుకుంటున్నా. అదే చెప్తున్నా మళ్లీ.”

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. ఏడాదిన్నర తర్వాత ఆవిడ గొంతు మొత్తంగా వినిపించింది. ‘మొత్తుకుంటున్నా’ అన్నప్పటి విసుగు, ఆ విసుగు వెనక దాచిన నవ్వు, అన్నీ. ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ విన్నాడు, మళ్లీ విన్నాడు. ఆవిడ కూడా ఒకసారి పెట్టుకుని విని, ఆశ్చర్యపోయింది.

“నా వెనక ఫ్యాను గడగడా తిరుగుతోంది కదండీ. అదేదీ?”

“అదే మరి గొప్ప. అక్కర్లేని చప్పుడంతా తీసి పారేసింది.”

ఇక్కడే ఆయన భుజాలు పట్టుకుని కుదిపెయ్యాలనిపిస్తుంది నాకు. మాట వచ్చి పోతుంది కాబట్టి, వినిపించేటప్పుడు ఫోను దాన్ని ఉంచి ఇంకా పెంచింది. ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది కాబట్టి దాన్ని చెత్త కింద జమకట్టి ఊడ్చేసింది. ఆగనిదాన్ని వినడమే బతుకుగా బతికిన మనిషి, ఆగనిదాన్ని మింగేసే సోకుని చూసి మురిసిపోయాడు. భార్య గొంతు దొరికిన సంతోషంలో ఇంకేదీ తట్టలేదు. మర్నాడు దాన్ని అలాగే పెట్టుకుని పనికి వెళ్లాడు.

లాండ్రీ సందు నుంచి ఫిర్యాదు వచ్చింది ఆ వారమే. సందు మధ్యలో, బట్టలుతికి ఇస్త్రీ చేసే కొట్టు. నడిపేది ఒక్కతే మనిషి, యాభై దాటినావిడ, ముంజేతుల నిండా ఇస్త్రీపెట్టె కాల్చిన పాత మచ్చలు. కొట్టు నేలకీ గోడకీ మధ్య పగులొచ్చిందనీ, తలుపు గచ్చుకి రాసుకుంటోందనీ ఆవిడ గోడు. ఆయన వెళ్లేసరికి వాషింగ్ మిషన్లన్నీ ఆపేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

“పగుల్లో చొక్కా గుండీ ఒకటి ఇరికించానన్నయ్యా, పెరుగుతోందో లేదో తెలుస్తుందని” అంది. ఊడిపోయిన గుండీలు సీసాల్లో పోసి పెట్టుకోవడం ఆవిడ అలవాటు. పగుల్లో తెల్ల గుండీ అంచు మెరుస్తోంది.

ఆయన కొట్టు ముందు నాలుగు చోట్ల మైకు ఆనించి రికార్డు చేశాడు. విన్నాడు. తన చెప్పుల రాపిడి వినిపించింది. ఎక్కడో కుక్క మొరగడం వినిపించింది. అంటే పరికరం పనిచేస్తోంది. వాటి మధ్య దూదిలో ముంచినట్టు నిశ్శబ్దం. అంత శుభ్రమైన నేల ఆయన ఇరవై ఆరేళ్లలో వినలేదు. పుస్తకంలో ‘లేదు’ అని రాశాడు.

తొమ్మిది రోజులకి ఆవిడ మళ్లీ ఫిర్యాదు చేసింది. ఆయన మళ్లీ వెళ్లాడు. ఈసారి పగుల్లో కోటుకి కుట్టే పెద్ద గుండీ ఉంది.

“చొక్కా గుండీ ఏమైంది?”

“జారిపోయిందన్నయ్యా. పడిన చప్పుడు వస్తుందేమోనని చెవి ఆనించి విన్నా. రాలేదు.”

“కింద మట్టి మెత్తగా ఉంటుందమ్మా” అన్నాడు. అన్నాక ఆ మాట తనకే నచ్చలేదు.

నాలుగు చోట్లా మళ్లీ విన్నాడు. మళ్లీ అదే దూది. కానీ తలుపు ముందుకంటే ఎక్కువగా గచ్చుకి రాసుకుంటోంది. గోడ మూల నుంచి చీమలు బారులు కట్టి, గుడ్లు మోసుకుంటూ సందులోకి పోతున్నాయి. చెప్పులు విప్పి నిలబడితే అరికాళ్లలో ఏదో సన్నగా జలదరించింది. పాత రోజుల్లో అయితే ఆ జలదరింపు చాలు, సుద్ద తీసేవాడు. ఇప్పుడు జేబులో సుద్దని వేళ్లతో తడిమి వదిలేశాడు. గుండ్రం గీసి, తవ్వాక నీళ్లు పడకపోతే అది మూడో ఎండుగుంట. మూడోది పడితే చెవుల పరీక్ష మళ్లీ పెడతారు. ఈసారి ఆ అమ్మాయి మోచెయ్యి కదలకపోతే? అరికాళ్లు ఒకటి చెబుతున్నాయి, ఫోను ఇంకోటి చెబుతోంది. ఫోను చెప్పింది ఆయనకి అనుకూలంగా ఉంది.

“లేదమ్మా. ఇల్లు పాతబడితే పగుళ్లు మామూలే” అన్నాడు.

“మీరు లేదంటే లేనట్టే అన్నయ్యా” అని ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మిషన్లు వేసుకుంది. సందు మలుపు తిరిగేదాకా ఆయన వెనక్కి చూడలేదు.

మూడో రోజు పొద్దున్న ఫోను జాక్ వదులైందని బామ్మర్ది కొట్టుకి వెళ్లాడు. వాడు జాక్ శుభ్రం చేసి, హెడ్‌ఫోన్లు తన చెవులకే పెట్టుకుని, ఫోన్లో ఆఖరున ఉన్న రికార్డింగు నొక్కాడు. వింటూ మొహం చిట్లించాడు.

“ఇదేంటి బావా, ఇంత చచ్చినట్టుంది?” సెట్టింగులు తెరిచాడు. “ఎవరు పెట్టారీ స్పష్టత? చిలక్కి చెప్పినట్టు చెప్పానా ముట్టుకోవద్దని?”

“ఎప్పుడు చెప్పావు?”

వాడు ఆ స్పష్టతని ఆపేసి రికార్డింగు మళ్లీ నొక్కాడు. రెండు క్షణాలు విన్నాడో లేదో, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు.

“ఎక్కడిది ఇది?”

“లాండ్రీ సందు. మొన్నటిది.”

“బావా, ఇవి నీళ్లు. పంపు కింద తల పెట్టినట్టుంది. నువ్వు దీనికి ఉందని రాశావా, లేదని రాశావా?”

“లేదని” అన్నాడు ఆయన. దాని వెంటే, సిగ్గుచేటు గానీ చెప్పక తప్పదు, కాస్త ఊరట కూడా కలిగింది. తప్పు ఫోన్‌ది. తన చెవులది కాదు. ఆ పాడు సెట్టింగుది. “ఇటియ్యి” అని హెడ్‌ఫోన్లు లాక్కుని పెట్టుకున్నాడు.

ఏమీ లేదు.

“నొక్కావా?”

బామ్మర్ది ఫోను తిప్పి చూపించాడు. రికార్డింగు నడుస్తోంది. చప్పుడు గీత చివరిదాకా నిండి ఉంది. ఇంక పెంచడానికి లేదు. చిప్పు ఇవ్వగలిగిందంతా ఇస్తోంది. హెడ్‌ఫోను మెత్త మాత్రం దవడ ఎముక మీద సన్నగా అదురుతోంది. మొన్న సందులో అరికాళ్ల కింద అదిరినట్టే.

“వినిపిస్తోందిగా?” అన్నాయి వాడి పెదవులు. బావ చూపు తన పెదవుల మీదే ఉండడం చూసి వాడికీ అర్థమైంది. వాడి మొహంలో వేళాకోళం అంతా తుడుచుకుపోయింది. “ఎప్పట్నుంచి బావా?”

“ఆఫీసుకి నువ్వు ఫోన్ చెయ్యి” అన్నాడు ఆయన. “ఆ సందుకి నీళ్లు ఆపమను. ఫోన్లో వాళ్లు మాట్లాడేది నాకు అర్థం కాదు.”

బామ్మర్ది ఫోన్ చేశాడు. ఆయన వాడి మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు. వాడు చెప్పాడు, మళ్లీ చెప్పాడు, అరిచాడు. చివరికి ఫోను కిందికి దించాడు.

“ఆ ఫిర్యాదు మూసేశారట బావా. రెండుసార్లు పాముచెవులాయనే విని లేదన్నాడు, ఇంక నువ్వెవరయ్యా ఉందని చెప్పడానికి అంటున్నారు.”

ఆయన అప్పటికే బండి తాళం తీస్తున్నాడు.

లాండ్రీ కొట్టులో మిషన్లు మూడూ తిరుగుతున్నాయి. ఆవిడ బల్ల దగ్గర ఇస్త్రీ చేస్తోంది. గోడ పక్కన పగుల్లో కోటు గుండీ లేదు. గుండీ ఉన్న చోట ఇప్పుడు రెండు వేళ్లు పడతాయి. ఆయన గుమ్మం బయటే ఆగి పిలిచాడు.

“అమ్మా, బయటికి రా. కొట్టు వదిలేసి రా.”

“ఏమైందన్నయ్యా?”

“కింద నీళ్లున్నాయి. మట్టి కొట్టుకుపోతోంది. తొందరగా రా.”

ఆవిడ నవ్వింది. “మొన్న మీరే కదా లేదన్నారు. మీ మాట విని నిశ్చింతగా పడుకుంటున్నా రెండు రోజుల నుంచి. ఈ ఒక్క చొక్కా అయిపోనివ్వండి, వస్తా.” ఇస్త్రీపెట్టె మళ్లీ చొక్కా మీదికి వెళ్లింది.

ఇరవై ఆరేళ్లు పోగేసుకున్న పేరు అడ్డం తిరిగి గుమ్మంలో నిలబడింది. లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకుని లాగుదామంటే, ఆ గచ్చు ఇంకో మనిషి బరువు ఓర్చుకుంటుందో లేదో తెలియదు. ఆవిడ్ని కదిలించే మాట ఇక ఒకటే ఉంది. దాన్ని భార్యకి చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు, ఇందాక బామ్మర్దికీ నోరు తెరిచి చెప్పలేదు.

“నాకు వినపడదమ్మా” అన్నాడు. “మొన్నా వినపడలేదు. అంతకుముందు వచ్చినప్పుడూ వినపడలేదు. చాలా రోజులైంది. ఆ సంగతి బయటపడుతుందని భయపడి లేదని రాశాను.”

ఇస్త్రీపెట్టె ఆగింది. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పెట్టెని నిలబెట్టి, తీగ పీకి, బల్ల చుట్టూ తిరిగి, ఆ చొక్కా చేత్తోనే పట్టుకుని బయటికొచ్చింది. ఇద్దరూ సందు దాటి అవతలి గోడ దాకా వచ్చి ఆగారు. ఆయన వీపు కొట్టు వైపు ఉంది. ఆవిడ ఎదురుగా నిలబడింది. తిడుతుందనుకున్నాడు, తిట్టినా పడాలనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. పెదవులు నెమ్మదిగా, స్పష్టంగా కదిలాయి.

“ఇంకా ఎక్కడెక్కడ లేదని రాశారన్నయ్యా?”

ఆ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఆవిడ చూపు ఆయన భుజం మీదుగా వెనక్కి పోయింది. చేతిలోని చొక్కా జారి కింద పడింది. ఆయన అరికాళ్ల కింద నేల ఒక్కసారి గట్టిగా కదిలి ఊరుకుంది. చెవులకి మాత్రం ఏ చప్పుడూ రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం ఉంది, బోర్డు ఉంది, లోపల గచ్చు లేదు. బల్లా, మూడు మిషన్లూ, గుండీల సీసాలూ ఉన్న చోట గోధుమరంగు నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

సందు రెండు వైపుల నుంచీ జనం పరుగెత్తుకొస్తున్నారు. అందరి నోళ్లూ కదులుతున్నాయి. ఆవిడ మాత్రం గోడకి ఆనుకుని, కొట్టు వైపు చూడకుండా ఆయన్నే చూస్తోంది. అడిగినదానికి జవాబు కావాలన్నట్టు చూస్తోంది.

ఆయన జేబులోంచి పుస్తకం తీశాడు. ఏడాదిన్నర కిందటి పేజీ దాకా వెనక్కి తిప్పి, ‘లేదు’ అని రాసిన వీధుల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టాడు. తన గొంతు తనకే సరిగా వినిపించలేదు. అందుకని ఇంకా గట్టిగా చదివాడు.